బస్సు బోర్డంత మాట

మెయిల్ వచ్చింది! చెప్పులు కూడా వేసుకోకుండా గొర్రెల దొడ్డి కాడికి ఉరికినా. ఆ మెయిల్లో ఏముందో చెప్పాలంటే పది రోజులు వెనక్కి పోవాల. లేకుంటే మా నాయన చేసింది మీకు తెలీదు.

కొత్త ఫ్రెంచ్ సినిమాల్ని ఆన్‌లైన్లో అన్ని దేశాలోళ్ళకూ చూపించే ఫెస్టివల్ ఒకటుంది. ఈసారి తెలుగులో కూడా బొమ్మ కింద మాటలు వేస్తారంట, రాసేవాళ్ళు కావాలంట. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఫ్రెంచ్ ఒక్క ముక్క రాదు. అయినా వాళ్ళే ఇంగ్లీషులో ఇస్తారు, దాన్ని తెలుగు చేయాల. అప్లై చేస్తే, పరీక్షకని పది నిమిషాల సినిమా పంపినారు. కొండల్లో గొర్రెలు మేపే ముసలామె కథ! మా ఇంటి కోసమే తీసినట్టుంది.

నాకొచ్చిన పెద్ద పెద్ద మాటలన్నీ పెట్టి పంపినా. రెండ్రోజులకే తిరిగొచ్చింది. చదివేలోపే మాట తెర మీంచి పోతాందంట. శుక్రవారం లోపల సరిచేయకుంటే వేరేవాళ్ళకు ఇస్తారంట.

ఏడుపొచ్చింది నాకు. బేస్తవారిపేట నుంచి వచ్చిన మా మామ, మా అమ్మకు అన్న, మంచం మీద కూర్చోని ఉన్నాడు. "ఫ్రాన్సు గొర్రెలకు గిద్దలూరు పిల్ల తెలుగు నేర్పేదేంది కోడలా? గమ్మున టీచరు పరీక్షకు చదువుకో" అన్నాడు.

నాయనేమో, "ఏదీ, చూపీ" అని ఫోన్ తీసుకున్నాడు. నాయన చదివింది రెండో తరగతే. కూడబలుక్కోని చదువుతాడు. సినిమాలో ఒక ఆఫీసరొచ్చి ముసలామెకు సలహాలు చెప్తాడు, ఆమె ఒక మాట అంటాది. నేను రాసిందేమో, "మీ సలహాలను నా గొర్రెలు సైతం పాటించవని మీరు గ్రహించాలి." నాయన "మీ... సల... హా..." అనేలోపే ఆఫీసరు కారెక్కి పోయినాడు.

"ఏందమ్మా ఇది! పోయే బస్సు బోర్డు చదువుతా గదా నేను? యర్రగొండపాలెం అని ఊరిపేరొక్కటే ఉంటాది. ఆ ఊళ్ళో ఎవరెవరుంటారో కూడా రాస్తే, ఇంక నేను బస్సెక్కినట్టే!"

అంతే! మూడు రోజులు దొడ్డి కాడే కూర్చున్నా. నాయన చదివేలోపు పోయిన మాటనల్లా కొట్టేసినా, మళ్ళా రాసినా. "మేతకు టైమైంది, వదులు తల్లీ" అంటాడు, పోతాడు, మళ్ళా తనే వచ్చి "ముసలామె ఏం చేసింది?" అంటాడు.

శుక్రవారం పొద్దున ఆ మాట ఇట్ల అయింది: "నీ మాట నా గొర్రెలే వినవు." నాయన గుక్క తిప్పుకోకుండా చదివి పకపకా నవ్వినాడు. ఆఫీసరు ఇంకా కారు తలుపు కూడా తీయలేదు!

వెంటనే పంపించినా. ఈ పొద్దు మెయిల్. తీసుకున్నారు! పది నిమిషాలు కాదు, సినిమా మొత్తం నాకే ఇచ్చినారు!

దొడ్డి కాడ నాయన పక్కన మామ కూడా ఉన్నాడు. నేను చెప్పిందంతా విని, "సంతోషమే కోడలా, కానీ ఇప్పుడన్నా ఆ టీచరు పరీక్ష..." అని మొదలుపెట్టినాడు.

నాయన చంకలో గొర్రెపిల్లను దించకుండానే అన్నాడు, "బావా, నీ మాట నా గొర్రెలే వినవు."