చిన్న చక్రాల మీద అంబర్‌పేట్ దాకా

బండి బ్రేకుల గురించి రవాణా అధికారికి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. స్వయంగా వెళ్లి అడిగితే ఆయన తలెత్తకుండానే, "మీరు రాళ్ల సంగతి చూసుకోండి, బండి మేం చూసుకుంటాం" అన్నారు. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది. నేను భూగర్భశాస్త్ర శాఖలో డిమాన్‌స్ట్రేటర్‌ని. సోమవారం పదిమంది విద్యార్థులతో శ్రీశైలం ఘాటు దిగవలసింది ఆ బండిలోనే. వాళ్లు చదువుతారనే ఈ శనివారం ప్రయాణాన్ని హాస్టల్ గోడపత్రికకు రాస్తున్నాను.

అది తోలు సీట్ల విదేశీ జీపు. అతిథులు ఎక్కడానికి ఎత్తుగా ఉందని చిన్న చక్రాలు తెప్పించారు. పాత బ్రేకు డ్రమ్ములు వాటిలో పట్టలేదు. దాంతో ఏదో చిన్న కారు బ్రేకులు తెచ్చి బిగించారు. అవి బాగున్నాయని ఇప్పుడు నా సంతకం కావాలట.

తొమ్మిదింటికి క్యాంపస్‌లో బయలుదేరి, ఇరవై నిమిషాల్లో తార్నాక షెడ్డుకు నడిచాను. పదింటికి మెకానిక్ యాదయ్య చక్రాల కింద పెట్టిన నిమ్మకాయల మీదుగా బండిని కదిలించాడు.

"నిమ్మకాయలు నలిగినయ్ సారూ, ఇగ భయమేంది?"

వెనక సీట్లో రవాణా గుమాస్తా సామ్యేలు గారు, గుంటూరు వైపు మనిషి. "దిష్టంతా ఈయన కళ్లలోనే ఉందండీ. ఆ కాయలు చాలవు" అన్నారు.

అంబర్‌పేట్ రోడ్డు మీద మీటరు ముప్పై చూపగానే యాదయ్య బ్రేకు తొక్కాడు. బండి చక్కగా ఆగింది. సామ్యేలు గారు కాగితం చాపారు. నేను కలం తీయలేదు. రెండు మైలురాళ్ల మధ్య మీటరు చూడమన్నాను. మైలు మీద పదో వంతు ఎక్కువ చూపింది. చక్రం చిన్నదైతే ఎక్కువసార్లు తిరుగుతుంది. మీటరుకు ఆ సంగతి తెలియదు. ముప్పై అనుకున్న వేగం నిజానికి ఇరవై ఏడే. అదీ ముగ్గురం మాత్రమే ఉండగా, చదునైన రోడ్డు మీద.

"గిది నాకు తట్టలే" అన్నాడు యాదయ్య.

పదకొండున్నరకు చాయ్ తాగి వెనక్కి తిరిగాం. దారిలో వెంటవెంటనే ఆరుసార్లు బ్రేకు తొక్కించాను. ఆరోసారి పెడల్ మెత్తగా కిందికి పోయింది. ఎదుటి రిక్షాకు మూర దూరంలో ఆగాం. మాడిన వాసన తార్నాక దాకా మాతోనే వచ్చింది.

"ఘాట్ల, నిండు బరువుతోని... నేనైతే తోలను సారూ."

సామ్యేలు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నేను గుమాస్తానండీ. నేనేం చెప్పగలను?"

చెప్పగలిగినవారిని అడుగుతున్నాను. రవాణా అధికారి గారూ, సోమవారం ఆరింటికి ఆ బండి హాస్టల్ ముందుకు వస్తే, ముందు సీట్లో మీరు కూర్చుంటారా? రేపు సాయంత్రంలోగా ఈ గోడ మీదే జవాబు రాయండి.