బహ్రెయిన్ అవ్వ గొంతు

మా వెనకింట్లో ఉండేది ఒక్క మనిషే. కానీ మధ్యాహ్నం రెండు దాటిందంటే అక్కడ ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు వినిపించేది. ఒకటి ముసలి గొంతు. మాటకు ముందు ఒక దగ్గు, మాట చివర ఊపిరి ఈడ్చుకునే చప్పుడు. రెండోది అణిగిమణిగి బదులిచ్చే ఆడగొంతు. ఆ మాటలు తెలుగు కావు, ఉర్దూ కూడా కావు. మేము అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. ముసలి గొంతు లేచిందంటే మా అత్త చేతిలో ఆకు వదిలేసి, "గా ఇంట్ల ఇంకెవ్వలో ఉన్నరు. పిల్లలను అటు పోనియ్యకుండ్రి" అనేది.

ఆ ఇంటామెను మేమంతా వదినె అని పిలిచేవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. భర్త పోయాక బహ్రెయిన్‌కు వెళ్లి, ఏడేళ్లు ఒక ఇంట్లో పనిచేసి తిరిగొచ్చింది. ఒకరోజు కత్తెర అడిగే వంకతో నేను ఆమె ఇంటికి వెళ్లి దర్వాజా దగ్గర ఆగి చూశాను. వదినె మంచం మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, దగ్గి, ఆ ముసలి గొంతుతో ఎవరినో పిలిచింది. పిలిచి, గబుక్కున లేచి కూర్చుని, తల వంచి, తన గొంతుతో బదులిచ్చింది. మళ్లీ పడుకుంది.

"గిదేంది వదినె?" అన్నాను.

ఆమె సిగ్గుపడలేదు. "మాట్లాడకుంటె మాట పోతదే. ఏడేండ్లు నేర్సుకున్న మాట. ఆర్మూర్ల నాతోటి గా మాట ఎవ్వలు మాట్లాడుతరు? గందుకే గామెది నేనే అంట, నాది నేనే అంట."

ఆ రోజు కత్తెర సంగతి మరిచిపోయి ఆమె దగ్గరే కూర్చున్నాను. అక్కడి పెద్దింట్లో ఒక గదిలో కాళ్లు పడిపోయిన అవ్వ ఉండేదట. వదినె పని ఆ గదిలోనే, పడక ఆ గదిలోనే. ఇంట్లో మిగతావాళ్లు వదినెకు వేలితో చూపి పని చెప్పేవాళ్లు తప్ప మాట్లాడేవాళ్లు కాదు. మాట్లాడిన మనిషి అవ్వ ఒక్కతే. పుస్తకం లేదు, పలక లేదు. చంటిపిల్ల తల్లి నోరు చూసి నేర్చుకున్నట్టు వదినె ఆ నోరు చూసి నేర్చుకుంది. నోట్లో పళ్లు లేని మాట, దగ్గుతో మొదలయ్యే మాట, మధ్యలో ఊపిరి తెగే మాట. ఆ దేశంలో అందరూ అట్లాగే మాట్లాడతారేమో అనుకుందట. అవ్వ వదినె ఒడిలోనే కన్ను మూసింది. ఆ తర్వాత వదినెను ఇంటికి పంపేశారు. మళ్లీ పోదామని బొంబాయికి రెండుసార్లు వెళ్లింది కానీ, వీజా కోసం తీసిన ఎక్స్‌రేలో ఏదో మచ్చ ఉందని రెండుసార్లూ వెనక్కి పంపారు.

అప్పుడే మా చెల్లె ఇంట్లో కష్టం మొదలైంది. ఆమె మొగుడు మార్కెట్ యార్డులో హమాలీ. పసుపు బస్తా వీపు మీద ఉండగా కాలు జారి పడ్డాడు. దవాఖానాలో ఆరు వారాలు ఉన్నాడు. లేచి నడవగలిగాడు గానీ బిందెడు నీళ్లు కూడా ఎత్తలేకపోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. చెల్లె చుట్టే బీడీల మీద నలుగురు బతకాలి. పెద్దపిల్లను బడి మాన్పించి చాట ముందు కూర్చోబెట్టే మాట కూడా ఆ ఇంట్లో వచ్చింది. ఆ మాట విన్న రోజు చెల్లె అన్నం ముట్టలేదు.

అట్లాంటి సమయంలో పెర్కిట్‌లో ఉండే ఏజెంటు వదినె దగ్గరికి కబురు తెచ్చాడు. చనిపోయిన అవ్వ బిడ్డ, అంటే ఇప్పుడు ఆ ఇంటికి యజమానురాలు, పనికి మనిషి కావాలందట. వదినె మంచిగా చేసింది కాబట్టి ఆమె ఊరి మనిషే కావాలట. కానీ వాళ్ల మాట రాని మనిషి వద్దందట. నలభై రోజుల తర్వాత వచ్చే శుక్రవారం తనే పెర్కిట్‌లోని ఫోన్ బూత్‌కు ఫోన్ చేసి మాట్లాడి చూస్తానందట.

"నేర్పుతవా వదినె?" అని చెల్లె అడిగింది.

"నేర్పుడేంది, ఉగ్గు లెక్క తాగిపిస్త" అంది వదినె. ఆమె ముఖం అంత వెలిగిపోవడం నేను అప్పటిదాకా చూడలేదు.

మరునాడే చదువు మొదలైంది. చెల్లె, నేను వదినె అరుగు మీద బీడీలు చుట్టేవాళ్లం. వదినె లోపలి గదిలో పడుకుని, తలుపుకు పాత చీర తెరగా కట్టి, దాని వెనక నుంచి పిలిచేది. తెర ఎందుకని అడిగితే, "మొఖం జూస్తె సైగతోటి తెలుస్తది. ఫోన్ల మొఖం కనవడ్తదా? చెవితోటి నేర్వాలె" అంది. తాలి అంటే రా. మాయ్ అంటే నీళ్లు. బర్దానా అంటే చలిపెడుతోంది. జేన్ అంటే మంచిది. యుమ్మా అంటే అమ్మా. సాబూన్ మనదీ వాళ్లదీ ఒకటే అని తెలిసినప్పుడు చెల్లె పడిపడి నవ్వింది.

"గట్లయితె సగం వచ్చేసినట్టే వదినె."

"ఆ, సబ్బుతోటి సంసారం జెయ్యి" అని తెర వెనక నుంచి వదినె.

మొదట్లో ఇట్లా నవ్వులే. కానీ తెర వెనక ముసలి గొంతు లేచినప్పుడు మాత్రం నవ్వు ఆగిపోయేది. బయట ఎండలో పసుపు ఉడకబెట్టిన ఆవిరి వాసన, ఊళ్లో లారీల రొద, అన్నీ మామూలే. ఆ గది ఒక్కటే ఇక్కడిది కాదన్నట్టుండేది. పదిహేను రోజులకు చెల్లె మాటలన్నీ పట్టుకుంది. ఇరవై రోజులకు దగ్గు కూడా పట్టుకుంది. నేను గమనించి, "దగ్గుడెందుకే? మాట నేర్సుకో సాలు" అంటే, "దగ్గకుంటె మాట లేస్తలేదక్కా" అంది. నిజమే చెప్పింది. ఆ మాటను ఆమె ఆ దగ్గుతో పాటే విన్నది కదా.

ఒక మధ్యాహ్నం నేను ఆలస్యంగా వెళ్లాను. లోపల ఇద్దరి మాటలు వినిపిస్తున్నాయి, పిలుపూ బదులూ. పాఠం నడుస్తోందనుకుని అరుగు మీద కూర్చుని ఆకు కత్తిరిస్తున్నాను. తలెత్తి చూస్తే, వదినె బీడీ కట్టలు కార్ఖానాలో అప్పజెప్పి, ఖాళీ గంప చంకలో పెట్టుకుని వీధి మూల తిరిగి వస్తోంది.

నేను వదినెను చూశాను. తెర వైపు చూశాను. లోపల ముసలి గొంతు మళ్లీ దగ్గి, "తాలి" అంది.

వదినె వీధిలోనే ఆగిపోయింది. గంప జారి పడింది. "జాయా యుమ్మా, జాయా" అంటూ, వస్తున్నా అమ్మా అంటూ, చెప్పులు కూడా విడవకుండా లోపలికి పరుగెత్తింది. తెర దగ్గరకు వెళ్లి దాన్ని పట్టుకుంది గానీ తీయలేదు. అట్లా ఎంతసేపు నిలబడిందో. చివరికి తెర అటువైపు నుంచే తొలగింది. బయటికి వచ్చింది మా చెల్లె.

"ఏందట్ల జూస్తున్నరు? ఇద్దరియి నేనే అనుకుంట మతికి జేసుకుంటున్న" అంది.

వదినె ఆమె చెంపలు రెండు చేతులతో పట్టుకుని తేరిపార చూసింది. ఇంటికి వచ్చేటప్పుడు నేను చెల్లెతో అన్నాను, "నాకు బుగులైతుందే. ఇగ బంజెయ్యి."

"బంజేస్తె నా పిల్లకు చాట ఇయ్యాలె. ఇయ్యమంటవా?"

నేను చాట ఇంకో చంకకు మార్చుకుని నడిచాను.

ఏజెంటు చెప్పిన శుక్రవారం ముగ్గురం ఆటోలో పెర్కిట్‌కు వెళ్లాం. ఫోన్ మోగగానే బూత్ అతను చెల్లెను అద్దాల గదిలోకి పంపి తలుపు వేశాడు. నేను, వదినె అద్దానికి ఆనుకుని నిలబడ్డాం. చెల్లె ముందు సలాం చెప్పింది. అవతల ఏదో అడిగారు. చెల్లె దగ్గి, బదులు చెప్పడం మొదలుపెట్టింది.

రెండు మాటలు చెప్పిందో లేదో ఆగిపోయింది. ఫోన్ చెవి నుంచి దూరంగా పెట్టి మా వైపు చూసింది. అద్దం ఇవతల నిలబడ్డ మాకు కూడా వినిపించింది. అవతలి మనిషి ఏడుస్తోంది. "యుమ్మా, యుమ్మా" అంటోంది. బూత్ అతను గల్లా పెట్టె మీద చెయ్యి పెట్టి బిగుసుకుపోయాడు. చెల్లె ఫోన్ మళ్లీ చెవికి ఆనించి, పిల్లను ఊరుకోబెట్టినట్టు ఏదో మెల్లగా చెప్పింది. చాలాసేపు చెప్పింది.

బయటికి వచ్చాక ఆమె పైట చెమటతో తడిసి ఉంది. "రమ్మన్నది. వీజా పంపుతదట."

"ఏమడిగింది?" అన్నాను.

"పనేమొచ్చో అడుగనే లేదక్కా. అన్నం తిను బిడ్డా అని చెప్పమన్నది. మళ్ల చెప్పమన్నది. పదిసార్లు చెప్పిచ్చుకున్నది."

వదినె బూత్ మెట్ల మీద కూలబడింది. "గామె నీతోటి మాట్లాడలేదే."

"ఎవ్వలతోటి మాట్లాడితె ఏంది వదినె. కొలువు నాకిచ్చింది."

ఇంటికి వచ్చాక నేను పోవద్దని బతిమాలాను. సచ్చినామె గొంతుతో బతుకుతావా అని కూడా అన్నాను. చెల్లె పిల్లల జడలు అల్లుతూ, "సచ్చినామె గొంతే నా పిల్లలకు బువ్వ వెడ్తుందక్కా, బతికున్నోళ్లు వెట్టలే" అంది. ఆ మాట నాకే తగిలింది. నెల తిరక్కుండానే వెళ్లిపోయింది.

ఆ తర్వాత జరిగింది చెబితే మా వీధివాళ్లు కొందరు ఇప్పటికీ నవ్వుతారు. చెల్లె వెళ్లిన రోజు నుంచి వదినెకు ఆ ముసలి గొంతు రాలేదు. మధ్యాహ్నం మంచం మీద పడుకునేది, దగ్గేది, గొంతు సవరించుకునేది. మాట వచ్చేది గానీ అది వదినె గొంతే. కొన్నాళ్లకు ఆ ప్రయత్నం కూడా మానేసింది. ఇక మాకు ఒక్క గొంతే వినిపించేది. కాసేపు చప్పుడుండదు, తర్వాత "జాయా యుమ్మా" అని బదులు. మళ్లీ చప్పుడుండదు, మళ్లీ బదులు. ఇద్దరు మాట్లాడినప్పటి కన్నా ఇదే ఎక్కువ భయపెట్టేది.

చెల్లె నెల తప్పకుండా డబ్బు పంపింది. పెద్దపిల్ల బడి మానలేదు. రెండేళ్లకు సెలవు మీద వచ్చింది. ఒళ్లు చేసింది, చేతులు మెత్తబడ్డాయి. బీడీ చుట్టిన చేతులు అట్లా మెత్తగా ఉండటం నేను ఎరగను.

"ఏం పని జేపిస్తరే?" అని అడిగాను.

"పనికి వేరేటోళ్లున్నరు. నేను అవ్వ గదిల ఉంట. పొద్దుగూకితే మేడమొచ్చి దర్వాజా బయట కూసుంటది. నేను లోపటికెల్లి పిలుస్త, తిడ్త. లేటెందుకొచ్చినవంట, జుట్టెందుకు కత్తిరిచ్చుకున్నవంట. తిట్టించుకొని ఏడ్సి, మంచిగ పోయి పంటది."

"బుగులు గాలేదా?"

"మొదటి వారమైంది. తర్వాత ఇంకో తీరైంది. ఒకనాడు మేడమ్ పెండ్లికి పోయి రాలే. తెల్లారి వచ్చింది. నాకు మస్తు కోపమొచ్చిందక్కా. నిజం కోపం. నన్నడగక ఎట్ల పోతది అని. చెయ్యి లేపిన. లేపినంక జూసుకున్న, గా చెయ్యి నాదే."

"మళ్ల పోకు" అన్నాను.

"పెద్దది పదో తరగతి దాటేదాంక పోవాలె. ఇంకో నాలుగేండ్లు. నువ్వొక పని జెయ్యి. నెలకో కేసెట్ పంపు."

"పిల్లల మాటలు నింపి పంపుత."

"పిల్లలయి వేరే పంపు. నువ్వు నన్ను తిట్టి పంపు. ఆడ నన్ను తిట్టేటోళ్లు లేరు. అందరు నా మాటినేటోళ్లే. చిన్నదాన్నన్న సంగతే మరిచిపోతున్న."

ఆమె వెళ్లిన పదో రోజు తలుపులు వేసుకుని, ఆమె తెచ్చిన టేప్‌రికార్డర్ ముందు కూర్చున్నాను. జీవితంలో ఆ చెల్లెను గట్టిగా ఒక మాట అనలేదు. చిన్నప్పుడు ఉయ్యాల ఊపింది నేనే. ఎర్రబటన్ నొక్కాను. కేసెట్ తిరుగుతోంది. నా నోరు లేవలేదు. చివరికి చెల్లె వంటింట్లో కుండ పగలగొట్టిన రోజు మతికి తెచ్చుకుని, "నీ పాడుగాను, సోయి లేదానే నీకు, నడువంగ కండ్లు యాడ వెట్టుకుంటవే మొద్దుమొఖమా" అని మొదలుపెట్టాను. తిడుతూ తిడుతూ ఏడ్చాను. రెండు పక్కలూ నిండాయి. ఎవరో దుబాయి పోతుంటే, వాళ్ల చేతికి ఇచ్చి అటునుంచి అటు బహ్రెయిన్‌కు పంపించాను.

రెండు నెలలకు ఆమె కేసెట్ వచ్చింది. పెట్టి విన్నాను. చాలాసేపు ఏమీ లేదు, ఫ్యాన్ తిరిగే చప్పుడు మాత్రమే. తర్వాత మా చెల్లె గొంతు, తెలుగులో, ఒక్కో మాట వెతుక్కుంటున్నట్టు చెప్పింది.

"సాలలేదక్కా. ఇంకా గట్టిగ తిట్టు."

నేను లేచి తలుపు గడియ వేసి, కొత్త కేసెట్ పెట్టాను.