ఖోర్‌ఫక్కాన్ పిల్లుల దగ్గర ఇంటర్వ్యూ

శుక్రవారం పొద్దున ఆరున్నరకు షార్జా రోలాలో షేర్ టాక్సీ ఎక్కాను. ఖోర్‌ఫక్కాన్‌కు మనిషికి ఇరవై ఐదు దిర్హాములు. ఏడుగురు నిండితే గాని పఠాన్ డ్రైవర్ బండి తీయడు. ఏడో మనిషి కోసం ముప్పావు గంట కూర్చున్నాం. మీరు వెళ్తే పూరీలు కట్టించుకుని ఎక్కండి. నేను కట్టించుకోలేదు, పక్కాయన తింటుంటే చూశాను.

ఎందుకు బయల్దేరానంటే, కడుపుమంటతో. రాయచోటి రసూల్ భాయ్, నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకే గ్యారేజీలో పద్నాలుగేళ్ళు లారీల కింద పడుకుని పనిచేశాం. ఆయనకు అరవై నిండగానే కంపెనీ వీసా ఖలాస్. పాపం అనుకుని అందరం బిర్యానీ పెట్టి సాగనంపాం. ఆయన ఊరికి పోలేదు. ఒక ముసలి అరబ్బు తన పేరు మీద వీసా కొట్టించి, సముద్రం ఒడ్డున ఉన్న ఇంటికి కాపలా పెట్టుకున్నాడు. పనల్లా గేటు చూసుకోవడం, వీధి పిల్లులకు చేపలు వేయడం. ఆ రోజు ఆయన విస్తట్లో నేను వేసిన పెద్ద ముక్కలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

నాకు యాభై మూడే. పాస్‌పోర్టులో మాత్రం మూడు నెలల్లో అరవై. ఐదో తరగతిలో బడి మానేసినవాడికి సర్టిఫికెట్ ఎక్కడిది? మా అన్నది పట్టుకుపోతే, ఏజెంటు పేరు నాది రాసి, పుట్టిన తేదీ అన్నది ఎక్కించాడు.

"మరి ఆ ఏడేళ్ళు ఎక్కడ పోయినాయన్నా?" అని నా కథ విని అడిగాడు పక్కన పూరీలు తింటున్న నెల్లూరు టైలర్.

"మా అన్న దగ్గరున్నయి. అడిగితే ఇస్తలేడు."

ధైద్ దాటాక కొండలు మొదలయ్యాయి. మసాఫీలో టీకి పది నిమిషాలు ఆగి, తొమ్మిదీ ముప్పావుకు సముద్రం దగ్గర దిగాం.

రసూల్ భాయ్ బాదం చెట్టు నీడలో కుర్చీ వేసుకుని, కాళ్ళు ఇసుకలో పెట్టి కూర్చున్నాడు. ఒళ్ళో ఒక పిల్లి, చుట్టూ పద్దెనిమిది. లారీ కింద దగ్గుతూ ఉండే మనిషి ఇప్పుడు దగ్గడం లేదు, బుగ్గలు కూడా వచ్చాయి. పిల్లులన్నిటికీ గ్యారేజీ వాళ్ళ పేర్లే పెట్టాడు. మా ముదీర్, అదే మేనేజరు, పేరున్న బొద్దు పిల్లి కదలకుండా పడుకుంది.

"ఒళ్ళో ఉన్నది ఎవరు?" అన్నాను.

"గంగన్న. నీ పేరేనప్పా. దొంగది."

నా పేరు పెట్టుకున్న పిల్లికి వీసా అక్కర్లేదు, వయసు అడిగేవాడు లేడు, వెన్నెముకకు మర్దన కూడా. నాకు నా మీదే అసూయ పుట్టింది.

వచ్చిన పని చెప్పాను. పక్కింటికి కూడా మనిషి కావాలని కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ అరబ్బు, అన్నాడట. నమాజు అయ్యాక ఆ ముసలాయనే చేపల బకెట్‌తో వచ్చాడు. రసూల్ భాయ్ నన్ను చూపించి నా గురించి మంచిగా చెప్పాడు. ఆయన నా పాస్‌పోర్టు అడగలేదు. ఒక చేప నా చేతిలో పెట్టి, మా ముగ్గురిలో ఎవరిదీ కాని హిందీలో అన్నాడు:

"బిల్లీ ఆయేగా, తుమ్ భీ ఆయేగా."

పిల్లి వస్తే నేనూ రావచ్చన్నమాట. ఇంత తేలికైన ఇంటర్వ్యూ గల్ఫ్‌లో ఇంకెక్కడుంటుంది? చేప పట్టుకుని కూర్చున్నాను. పిల్లులన్నీ వచ్చాయి. రెండడుగుల దూరంలో ఆగాయి. గంగన్న ఒక్కటే దగ్గరకొచ్చి, నా వేళ్ళు వాసన చూసి, తుమ్మి, వెళ్ళి రసూల్ భాయ్ ఒళ్ళో ఎక్కింది.

కఫీల్ నవ్వలేదు. వచ్చే శుక్రవారం మళ్ళీ రమ్మని చెప్పి వెళ్ళిపోయాడు.

"డీజిల్ వాసనప్పా. నా చేతికాడికి రావడానికి నెల పట్టింది వాటికి," అన్నాడు రసూల్ భాయ్. బకెట్‌లోంచి ఒక చేప తీసి, నా కుడి అరచేతిలో గోళ్ళ సందుల దాకా రుద్దాడు. పద్నాలుగేళ్ళలో ఆయన నాకోసం అంత ఓపిగ్గా చేసిన పని ఇంకోటి లేదు. అంతసేపూ నేను ఆయన కుర్చీనే చూస్తున్నాను.

సాయంత్రం ఐదుకు తిరుగు టాక్సీ. ఈసారి ఏడుగురూ పావుగంటలో నిండారు, బండి కదిలిన వెంటనే ఆరుగురూ అద్దాలు దించారు. ఖోర్‌ఫక్కాన్‌లో సముద్రం బాగుంది, గాలి బాగుంది, కాపలాదార్లు మరీ బాగున్నారు. వెళ్ళేవాళ్ళు చూసి రండి, అక్కడ ఉండిపోదామని మాత్రం అనుకోకండి. వరుసలో నేనున్నాను.

ఎనిమిదికి రూముకు చేరాను. అన్నం ముందు కూర్చోగానే చెయ్యి కడుక్కోమని అందరూ మొత్తుకున్నారు. ఎడమ చెయ్యి కడుక్కుని, స్పూన్ అడిగాను.