లోపం కనబడలేదు

ఆ రోజు ఉదయం ఏడూ పదికి వదిన కారు బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, నా పాత బనియన్ ముక్కతో తుడిచి, మళ్లీ లోపలికి దించి, మళ్లీ లాగి వెలుతురుకేసి పట్టుకుని చూసింది. నేను వరండాలో పళ్లు తోముకుంటున్నాను.

"ఉందా, తాగేసిందా?" అన్నాను నోటినిండా నురగతోనే.

"ఉంది. నీ బుర్రలో ఉన్నదానికంటే ఎక్కువే ఉంది," అని బానెట్ దించింది. "పొయ్యి మీద పాలు పెట్టాను. గుడ్లప్పగించి చూస్తూ పొంగించకు. పాపకి జడ వెయ్యడం మీ అన్నయ్యకి చేతకాదు, నువ్వే వెయ్యి. నిన్నటిలా ఎలుకతోక వేశావంటే సాయంత్రం నీ పని చెప్తాను."

గేటు తీశాను. తెల్ల కారు వెనక్కి వెళ్లి, వీధి మలుపులో ఒక్క క్షణం తటపటాయించి, కుడివైపు తిరిగింది. నేను లోపలికి వెళ్లేసరికి పాలు పొంగిపోయి ఉన్నాయి.

వదిన ఒక కార్ల కంపెనీ సర్వీసు సెంటర్లో ముందు బల్ల దగ్గర పనిచేసేది. బండి తెచ్చినవాళ్ల బాధ విని, కార్డు మీద రాసి, లోపల షెడ్డులో ఉన్న ఫోర్‌మన్‌కి పంపడం ఆమె పని. పన్నెండేళ్లు అదే బల్ల, అదే కుర్చీ. పక్క బల్లలవాళ్లు "ఇంజన్ శబ్దం" అని రెండు ముక్కల్లో తేల్చేసేవారు. వదిన మాత్రం మనిషి ఏ మాట అంటే ఆ మాటే రాసేది. "పొద్దున్నే స్టార్ట్ చేస్తే ముసలాయన గొంతు సవరించుకున్నట్టు మూడుసార్లు దగ్గుతుంది." "ఎత్తు ఎక్కేటప్పుడు గిన్నెలో గోళీలు దొర్లినట్టు." "మా ఆవిడ ఎక్కితేనే మోత, నేనొక్కణ్ణే వెళ్తే రాదు." ఆ మూడోది రాసేటప్పుడు కూడా ఆమె నవ్వలేదట. ఆవిడని కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిరిగొచ్చి, ఆ సీటు కింద వదులైన బోల్టు పట్టుకుంది. అప్పటినుంచి షెడ్డులో ఆమెకి డాక్టరమ్మ అని పేరు పడింది.

ఆమె పరీక్ష తీరు కూడా డాక్టరుదే. యజమానినే నడపమని, తను పక్కన కూర్చుని, అద్దాలు ఎత్తించి, ఏసీ ఆపించి, కళ్లు మూసుకునేది. "ఇప్పుడు మాట్లాడకండి. ఆ, ఇక్కడే. మళ్లీ తొక్కండి," అనేది.

పెద్దదీ కాని చిన్నదీ కాని ఆ సెడాన్ కంపెనీ వదిలిన రెండో ఏడు మేమూ ఒకటి కొనుక్కున్నాం. నేనూ అన్నయ్యా దాన్ని కడగడానికి పోట్లాడుకున్న రోజులున్నాయి. ఏడాది తిరిగేసరికి వదిన బల్ల దగ్గరికి ఒకేరకం మాటలు రావడం మొదలైంది. పొగ లేదు, కింద చుక్క లేదు, ఆయిల్ మాత్రం మాయమవుతోందని ఒకరు. లోపల ఎవరో సుత్తితో మెల్లగా తడుతున్నట్టుందని ఒకరు. తర్వాత, రోడ్డు మీద పోతూపోతూ చప్పున ఆగిపోయిందని ఒకరు. ముందు ఏ ఎర్రదీపమూ వెలగలేదన్నారు. షెడ్డుకి తెచ్చాక ఆ బండ్లన్నీ బుద్ధిగా నడిచేవి. కంప్యూటరు తగిలించి చూస్తే ఏ తప్పూ చూపేది కాదు. అలాంటప్పుడు కార్డు అడుగున ఏం రాయాలో పైఆఫీసు ఆదేశం ఉంది. "పరీక్షించాం, లోపం కనబడలేదు." ఫోర్‌మన్ చెప్తే వదిన రాసి, సంతకం పెట్టి, తాళాలు ఇచ్చెయ్యాలి.

"కార్డుల మీద కథలు రాస్తున్నారేంటమ్మా," అన్నాడట మేనేజరు. "పైవాళ్లకి అంకెలు కావాలి."

"అంకె కావాలా సార్? ఇది ఈ నెల్లో పద్నాలుగోది," అందట వదిన.



పద్నాలుగోది ఒక నర్సుది. రెండుసార్లు కూడలిలో ఆగిపోయిందని తెచ్చింది. నాలుగు రోజులు ఉంచుకున్నారు. ఆగలేదు. వదిన ఆ వాక్యం రాసి ఇచ్చేసింది. తొమ్మిదో రోజున ఆ కారు పెద్దరోడ్డు దాటుతూ మధ్యలో ఆగిపోయింది, పక్కనుంచి బస్సు కొట్టింది. ప్రాణం దక్కింది గాని కుడికాలు దక్కలేదు. మూడు నెలల తర్వాత చంకకర్రలతో సర్వీసు సెంటరుకొచ్చి, పాత కార్డు నకలు కావాలని అడిగింది. వదిన తీసిచ్చింది. నర్సు అది మొదటినుంచి చివరిదాకా చదివింది.

"నేను చెప్పినవన్నీ ఎంత బాగా రాశారండీ," అంది. "చివరి లైను కూడా మీ చేతిరాతేనా?"

వదిన అవునంది. నర్సు కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని వదిన నాతో చాలాసార్లు అంది.

భయం మా ఇంట్లోకి ఆ రోజు వచ్చింది. వదిన పాపని కారెక్కించడం మానేసింది. బడికి నా స్కూటరు మీదే. ఆ పిల్ల ఏడ్చి గోలచేసినా వినలేదు. పగలంతా బల్ల దగ్గర విన్న ప్రతి మాటా సాయంత్రానికి మా కారులో వినబడేది ఆమెకి. గోళీలన్నారంటే గోళీలు, సుత్తి అన్నారంటే సుత్తి. ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను బలవంతాన పక్కన కూర్చోబెట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కించింది.

"విను. వస్తోందా?"

"ఏం రావట్లేదు వదినా."

"సరిగ్గా విను. టక్ టక్ అని. నా ప్రాణం తీసేటట్టుంది."

విన్నాను. నిజంగా ఏమీ లేదు. కానీ స్టీరింగుని బిగించి పట్టుకున్న ఆమె చేతులు చూశాక నాకూ ఏదో వినబడసాగింది. వంతెన నడినెత్తికి చేరుకున్నాం. వెనక అద్దంలో ఒక ట్యాంకరు అద్దమంతా నిండిపోయింది. అప్పుడామె మామూలు గొంతుతో, పాపకి ఎక్కాలు చెప్తున్నట్టు చెప్పింది:

"ఇప్పుడు ఆగిందనుకో, స్టీరింగ్ బండరాయి అయిపోతుంది. కంగారుపడి వదిలెయ్యకూడదు. బ్రేకు ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టాలి. వదిలి వదిలి తొక్కితే తర్వాత ఇక తొక్కుడు పడదు. గుర్తుంటుందా?"

గుర్తుంటుందన్నాను. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది.

అన్నయ్య మొదట్లో వేళాకోళం చేసేవాడు. "నీవి చెవులు కావే తల్లీ, స్టెతస్కోపులు," అనేవాడు. తర్వాత అతనికీ నవ్వు రాలేదు. అమ్మేద్దామన్నాడు.

"ఎవరికి అమ్ముతారు? ఎవరో ఒకరు పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతారుగా అందులో," అంది.

"అయితే షెడ్డులో పడెయ్యి. బస్సులో వెళ్లు."

"మా సెంటరుదాకా బస్సెక్కడుందండీ? ఉన్నా వెళ్లను. ఆగితే నా కిందే ఆగాలి. ఏం చెయ్యాలో నాకు తెలుసు. అప్పుడు ఆ కార్డు మీద అడుగున ఏం రాయాలో కూడా నాకే తెలుసు."

అప్పటికే ఆమె ముప్పై ఒక్కమంది యజమానుల మాటలు, తేదీలతో సహా, తిరగరాసి పైఆఫీసుకి పంపింది. జవాబు రాలేదు. రోజూ పొద్దున్నే ఆయిల్ చూడమని, నర్సుకి తప్ప మిగతా ముప్పైమందికీ విడివిడిగా ఫోను చేసి చెప్పింది. కంపెనీకి తెలిస్తే ఉద్యోగం పోయేది.

మా కారుని ఫోర్‌మన్ మూడుసార్లు చూశాడు. ముప్పై ఏళ్లుగా ఇంజన్లు విప్పిన మనిషి, అబద్ధమాడాల్సిన అవసరం లేనివాడు. మూడోసారి వదినని పక్కన నిలబెట్టుకుని, ఇంజను అడుగున ఆయిల్ గిన్నె విప్పించి, ఆయిల్ తెల్లగుడ్డ మీద వడకట్టి చూపించాడు. లోపల ఏదైనా అరిగితే రాలే లోహపు రజను ఒక్క పలుకు లేదు.

"డాక్టరమ్మా, ఇది శుభ్రంగా ఉంది. నా మాట నమ్ము. లోపం ఏమీ కనబడలేదు," అన్నాడు.

ఆ మాట వినగానే వదిన ముఖం ఎలా మారిపోయిందో ఆయన నాకు తర్వాత చెప్పాడు. ఆ వాక్యాన్ని తన చేత్తో నలభైసార్లు రాసిన మనిషి. ఇంకెవరు అన్నా నమ్మేదేమో గాని, ఆ మాటని మాత్రం ఎలా నమ్ముతుంది? ఇంటికొచ్చి నాతో ఒకే ముక్క అంది. "ఆయన కూడా నాకు కార్డు రాసిచ్చేశాడయ్యా మరిదీ."

పాలు పొంగిపోయిన ఆ రోజు పాపకి జడ వేసి బడి దగ్గర దింపి ఇంటికి వస్తుండగా ఫోర్‌మన్ ఫోను చేశాడు. ఎక్కడున్నావు బాబూ అని అడిగి, బైపాస్ రోడ్డుకి రమ్మని పెట్టేశాడు. ఆ గొంతు విన్నాక స్కూటరు అక్కడే వెనక్కి తిప్పాను.

జరిగింది ఇది. ఏడూ నలభైకి వదిన బైపాస్ మీద కారు అంచుకి తీసి ఆపింది. ఇంజన్ ఆపలేదు. దిగి, బానెట్ ఎత్తి, ఫోర్‌మన్‌కి ఫోను చేసింది.

"వస్తోంది అన్నా. ఇప్పుడే వస్తోంది. వినండి," అని ఫోను ఇంజను దగ్గర పెట్టిందట.

ఆయన చాలాసేపు విన్నాడు. "బాగానే ఉందమ్మా. నాకేం వినబడట్లేదు. నువ్వు ముందు రోడ్డు మీదనుంచి పక్కకి జరుగు," అన్నాడు.

"మీరు అలాగే అంటారు. ఇంకొంచెం వినండి," అంది.

తర్వాత హారన్ వినబడింది, అంతే. ఒక లారీ, అడ్డొచ్చిన మోటారుసైకిలుని తప్పించబోయి అంచుకి వచ్చేసింది.

నేను చేరుకునేసరికి ఆమెని తీసుకెళ్లిపోయారు. కారు పక్కకి తోసుకుపోయి గట్టుకి ఆనుకుని ఉంది. పోలీసాయన తాళాలు నా చేతిలో పెట్టాడు.

"మేమొచ్చేసరికి ఇంజను నడుస్తూనే ఉంది బాబూ," అన్నాడు. "నేనే ఆపాను."

అయిదు నెలల తర్వాత కంపెనీ ఒప్పుకుంది. లోపల ఒక బేరింగు సరిగా తయారవ్వలేదని, ఆ ఇంజన్లన్నీ మార్చి ఇస్తామని ఉత్తరాలు పంపింది. వదిన రాసి పంపిన మాటలు, గోళీలూ సుత్తీ అన్నీ, ఆ విచారణ కాగితాల్లో ఉన్నాయని మేనేజరే అన్నయ్యకి ఫోను చేసి చెప్పాడు. నర్సుకి కంపెనీ మనుషులు ఇంటికెళ్లి క్షమాపణ చెప్పుకున్నారు. ముప్పై ఒక్కమందిలో, నర్సుది పోగా, ముప్పైమంది బండ్లు షెడ్డులో వరసకట్టాయి. ఒకాయన వాటిముందు నిలబడి డాక్టరమ్మ ఏదని అడిగాడట. అందరూ తలో పనిలో దూరారు.

మాకు ఉత్తరం రాలేదు. బండి తుక్కయిపోయింది గనుక పంపలేదేమో అనుకున్నాం. ఒక ఆదివారం ఉదయం ఫోర్‌మన్ మా ఇంటికొచ్చాడు. చేతిలో ఇంజన్ నంబర్ల జాబితా ఉంది. అన్నయ్య దానివైపు చూడనన్నాడు, లేచి లోపలికి వెళ్లిపోయాడు. నేను బీరువాలోంచి కారు కాగితాలు తీశాను. ఫోర్‌మన్ కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి, పేజీ తర్వాత పేజీ, మెల్లగా దిగుతూ వచ్చాడు. చివరి పేజీ చివరి వరస దగ్గర వేలు ఆగింది.

మా ఇంజను ఆ చివరిదాని తర్వాత నూట పద్నాలుగోది. ఆ చెడ్డ బేరింగుని ఫ్యాక్టరీలో మాది తయారయ్యే ముందు వారమే మార్చేశారట.