గోడదాకా పోని తలుపు

మా పక్క క్వార్టర్ వదిన పోయింది. పొద్దున ఛాతీలో నొప్పి అంది, దవాఖానకు తీసుకెళ్ళాం, మధ్యాహ్నానికి ఆమె లేదు. గోదావరిఖనిలో మా కాలనీ వరుసలో ఇప్పుడు ఎవరిని కదిలించినా ఆమె మాటే. నేనూ నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను గానీ, బాధగా మొదలుపెడితే పెన్ను సాగడం లేదు. ఆమెను తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే హుషారొస్తుంది. అందుకని ఆ హుషారుతోనే రాస్తాను. ఆమె ఏమీ అనుకోదు.

మాకు చుట్టరికం ఏమీ లేదు. మా ఆయన ఆమెను అక్కా అని పిలిచాడు కాబట్టి నాకు వదిన అయింది. ఆమె భర్త మా ఆయనకు బావ, నాకు అన్న. రెండు ఇళ్ళకూ మధ్య ఒకటే గోడ. అటు ఆమె వంటిల్లు, ఇటు మా మంచం.

వంటింట్లో కబ్బోర్డులు పెట్టించుకోవాలని ఆమెకు ఎన్నాళ్ళ నుంచో కోరిక. "రేపు రిటైరైతే ఖాళీ చేసే క్వార్టర్‌కు గీ సోకులెందుకే" అని అన్న గొణిగినా వినలేదు. పెట్టించిన రోజు వరుసలోని ఆడవాళ్ళందరినీ పిలిచి, "చూడుండ్రి, చూడుండ్రి" అంటూ ఒక్కో తలుపూ బార్లా తెరిచింది. ఎర్రగా నిగనిగలాడే తలుపులు, పొడుగాటి స్టీలు పిడులు! మూలనున్న పెద్ద తలుపు తెరవగానే దాని పిడి వెళ్ళి గోడకు ఠంగుమని కొట్టుకుంది. "గట్టి సరుకు!" అని ఆమె మురిసిపోయింది. మేమంతా చప్పట్లు కొట్టాం.

సరిగ్గా ఆ గోడకు ఇవతలే మా ఆయన తల ఉంటుంది. ఆయన ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మట్టి మోసే డంపర్ నడుపుతాడు. నైట్ షిఫ్టు వారాల్లో పగలే ఆయనకు రాత్రి. వదిన పప్పు డబ్బా తీస్తే ఠంగు, చింతపండు తీస్తే ఠంగు, పోపు మాడుతుంటే వరసగా రెండు ఠంగులు. ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. నేను చెప్పొస్తానంటే వద్దనేవాడు. "అక్క కొత్త మోజుల ఉన్నది, ఊకో" అనేవాడు.

ఒక పొద్దున డ్యూటీ దిగి వచ్చి, చాయ్ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. మట్టి లోడుతో వస్తుంటే కన్ను మూత పడిందట. టైరు రోడ్డు పక్కనున్న మట్టికట్ట ఎక్కి ఆగిందట. "కట్ట లేకుంటే బండితోని కిందికే పోతుంటి" అన్నాడు.

ఇక ఆగలేక వదినతో చెప్పేశాను. అలుగుతుందేమో, మాటలు బంద్ చేస్తుందేమో అని లోపల భయమే. ఆమె మాత్రం, "ఆగాగు మరదలా. నేను మీ మంచం మీద పండుకుంట, నువ్వు పోయి మా ఇంట్ల పప్పు డబ్బా తియ్యి" అంది. ఆ సాయంత్రం మా ఆయన బజారుకు వెళ్ళగానే వచ్చి, ఆయన దిండు మీదే తల పెట్టి, కొంగు మొహాన కప్పుకుని పడుకుంది. నేను అటు వెళ్ళి తలుపు తెరిచాను. గోడ అవతల నుంచి కేక.

"అవ్వో! నా తమ్మి నెత్తి మీద సుత్తెతోని కొడుతున్న గదనే ఇన్నొద్దులు!"

ఆ రోజు నుంచి ఆమెకు అదే పని. మొదట పాత హవాయి చెప్పు కోసి, రబ్బరు ముక్కను గోడకు అంటించింది. వంట ఆవిరికీ నూనె జిడ్డుకూ అది ఊడి పులుసు గిన్నెలో పడింది. తర్వాత దాన్నే తలుపు కీలు పక్కన బిగించింది. ఇది నా సలహానే, ఎంత గొప్పగా చెప్పానో! తలుపు గోడకు తగలలేదు నిజమే. కానీ విసురంతా కీలు మీద పడి, మరలు పీక్కుని, తలుపు మొత్తం ఆమె చేతికొచ్చింది. దాన్ని అలాగే రెండు చేతులా పట్టుకుని మా ఇంటికొచ్చి, "ఇగో, ఇప్పుడు అస్సలు సప్పుడు రాదు" అని పగలబడి నవ్వింది.

చివరికి అన్న డ్యూటీ సంచిని చూస్తుంటే ఆమెకు తట్టింది. సంచి పట్టీ ఎంత లాగినా తన పొడవు దాటి రాదు కదా! కత్తెరతో కసుక్కున కోసేసింది. తలుపును మళ్ళీ ఎక్కించి, పట్టీ ఒక కొనను కబ్బోర్డు లోపల, రెండో కొనను తలుపు వెనక మరలతో బిగించింది. మూసేటప్పుడు కొట్టుకోకుండా మూలలకు చిన్న చిన్న రబ్బరు ముక్కలు అంటించింది. మళ్ళీ నన్ను మా మంచం మీద పడుకోబెట్టి తను వంటింట్లోకి పరుగెత్తింది. కాసేపటికి అటు నుంచి అరిచింది.

"ఇనవడ్డదా?"

"ఏంది ఇనవడేది? ఎప్పుడు తెరుస్తవ్ వదినె?"

"తెరిచిన! మూసిన! మళ్ళ తెరిచిన!"

నేను మంచం మీద నుంచి ఒక్క దూకు దూకాను. వెళ్ళి చూస్తే పట్టీ బిగుసుకుని, తలుపు గోడకు జానెడు దూరంలో బుద్ధిగా ఆగి ఉంది. ఇద్దరం చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గంతులేశాం. ఆ వారమంతా అన్న సంచిని చంకలో ఇరికించుకుని డ్యూటీకి పోయాడు.

అంతటితో ఆగితే ఆమె మా వదిన ఎలా అవుతుంది? బొడ్లో స్క్రూడ్రైవర్ దోపుకుని ఇల్లిల్లూ తిరిగింది. మంచీ చెడ్డా అడగడం మానేసి, "మీ తలుపు దేనికి తాకుతది?" అని అడిగేది. ఒకరింట్లో ఫ్రిజ్‌కు, ఒకరింట్లో కిటికీ అద్దానికి తాకేది. అన్నింటికీ పట్టీలు పడ్డాయి. మందమర్రిలో పెళ్ళికని వెళ్ళి, అక్కడా రెండు తలుపులు బాగు చేసి వచ్చింది. "గోడ కాడ ఆపుడు గాదు మరదలా, గోడదాక పోనియ్యొద్దు" అని అందరికీ చెప్పేది. నైట్ షిఫ్టు దిగిన మనిషి ఏ ఇంట్లో ఉన్నా, "వాళ్ళు పండుకున్నంక మనం పిల్లుల్లెక్క నడవాలె" అనేది. అప్పటినుంచి మా ఆయన కంటినిండా నిద్రపోయాడు. డ్యూటీకి ఆయన వెళ్ళాక నేనూ నిద్రపోయాను. ఆ నిద్ర నాకిచ్చింది ఆమే.

మొన్న ఆమెను దవాఖానకు తీసుకెళ్ళేసరికి మా ఆయన ఇంకా డ్యూటీ దిగలేదు. ఫోన్ చేసి, "జర నొప్పి లేస్తున్నదంట, ఫికర్ లేదు, నువ్వు వచ్చి పండుకో" అని చెప్పాను. ఆ తర్వాత, ఆమె పోయిందని ఫోన్ చేయడానికి నాకు చేతులు రాలేదు. మధ్యాహ్నం ఆమెను ఇంటి ముందు దింపగానే వరుసంతా గుమిగూడింది. ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు.

అన్న చెయ్యెత్తి, మా తలుపు వైపు చూపించాడు.

"జర మెల్లగ ఏడ్వుండ్రి. బామ్మర్ది నైటు దిగి పండుకున్నడు. ఆయన లేస్తే అది నన్ను తిడ్తది."

అందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. భుజాలు కదులుతున్నాయి, గొంతులు బయటికి రావడం లేదు. అప్పుడు మా తలుపు తెరుచుకుంది. మా ఆయన లుంగీతోనే వచ్చి, ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"గట్టిగ ఏడ్వుండ్రి బావా" అన్నాడు. "నేనియ్యాల డ్యూటీకి పోను."

అందరికంటే ముందు ఆయనే ఏడుపు ఎత్తుకున్నాడు, ఆ చివరి క్వార్టర్ దాకా వినబడేట్టు.