తిరుత్తణి బోరు దగ్గర చూసిన సున్నా

నేను రిటైరవడానికి ముందు ఏడాది ఎండాకాలంలో, తిరువళ్ళూరు శివార్లలోని ఒక చిన్న కంపెనీలో సీనియర్ ఇంజినీరుగా ఉండగా, తిరుత్తణి దగ్గర ఒక చెరకు తోటలో పరీక్షకు నన్ను పంపారు. మా పెట్టె బోరు మోటారు ఎంత కరెంటు లాగుతోందో కొలిచి రైతు ఫోనుకు పంపుతుంది. కొలిచేది సెన్సారు. అది చెప్పిన అంకెను ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందించే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. అది రాసింది నేను. సెన్సారు జవాబివ్వకపోతే డ్రైవర్ ఏ అంకే ఇవ్వకూడదు, జవాబు లేదని మాత్రమే చెప్పాలి. నేను అలాగే రాశాను.

తోట మునిరత్నం నాయుడుది. పెట్టె బిగించి అప్పటికే కొన్నాళ్ళైంది. అక్కడ మూడు ఫేజుల కరెంటు షిఫ్టులవారీగా ఇస్తారు. అందుకని రైతులు మోటారును వేసి ఆపే స్టార్టరును ఆటో మోడ్‌లో పెట్టి వదిలేస్తారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. అంత లోతున తిరిగే మోటారు చప్పుడు పైకి వినిపించదు.

ఆ రోజు కరెంటు వచ్చింది గానీ నీళ్ళు రాలేదు. మునిరత్నం ఫోను చూశాడు. "సున్నా చూపిస్తా ఉండాదక్కా. మోటారు తిరగలా. కేబులు జాయింటు పొయ్యి స్టార్టరు ఇడిసిపెట్టుంటాది, ఇప్పి చూస్తా" అని కత్తి తీసుకుని బోరు దగ్గరికి వెళ్ళాడు.

నేను మోటారు కొట్టంలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సెన్సారు జవాబు లేదని డ్రైవర్ వరసగా చెబుతూనే ఉంది. మరి ఫోనులో సున్నా ఎక్కణ్ణించి వచ్చింది? నాతో వచ్చి పక్కనే ఉన్న మా కంపెనీ మేనేజరును అడిగాను. జవాబు లేదని కనిపిస్తే కొనేవాళ్ళు బెదిరిపోతారని, దాని బదులు సున్నా చూపించమని ఫోనులోని యాప్ రాసేవాళ్ళకు తానే చెప్పానని ఆయన తాపీగా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ తిట్టే వ్యవధి లేదు. మోటారు తిరుగుతూనే ఉండొచ్చు, కేబులులో కరెంటు ఉండొచ్చు.

స్టార్టరు కొట్టం బయటి గోడకుంది. "అన్నా, చెయ్యి పెట్టొద్దు" అని అరుస్తూ పరిగెత్తాను. ఒళ్ళోని లాప్‌టాప్ కిందపడింది. మునిరత్నం అప్పటికే కేబులు జాయింటు మీది టేపు కోస్తున్నాడు. రైతును ఊరికే భయపెట్టవద్దని వెనక నుంచి మేనేజరు అంటున్నాడు. ఎర్ర బటన్ నొక్కాను. స్టార్టరు టక్కుమని వదిలింది. అంటే అప్పటిదాకా అది పట్టుకునే ఉంది, కేబులులో కరెంటు పారుతూనే ఉంది.

మునిరత్నాన్ని దూరంగా నిలబెట్టి, కోసిన చోట మళ్ళీ టేపు చుట్టి, వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌ను స్టార్టరు వైరుకు తగిలించి ఒక్క క్షణం మోటారు వేశాను. బోరులో నీళ్ళు అడుగంటాయి, మోటారు ఒట్టిగా తిరుగుతోంది. టెస్టర్ కరెంటు చూపించింది. ఫోను మాత్రం సున్నానే చూపించింది. మోటారు మొదలైనప్పుడు ఒక్కసారిగా లాగిన కరెంటు కుదుపుకు సెన్సారు బిగుసుకుపోయి జవాబివ్వడం మానేసింది.

మునిరత్నం ఫ్యూజులు పీకేసి గట్టు మీద కూర్చున్నాడు. "నిన్న గూడా సున్నా జూసే చెయ్యి పెట్టినానక్కా" అన్నాడు.

సున్నా కూడా కొలతే. కొలిచినప్పుడే దాన్ని చెప్పాలి. ఆ తర్వాత ఏ డ్రైవర్ ప్రోగ్రాము సంతకం కోసం నా దగ్గరికి వచ్చినా, ముందు సెన్సారు వైరు పీకి ఫోను చూసేదాన్ని. సున్నా కనిపిస్తే సంతకం పెట్టేదాన్ని కాదు.