చైన్ తీసి చూడడం

ఇంజన్‌లో టైమింగ్ చైన్ రాపిడికి ఎంత శక్తి వృథా అవుతుందో లెక్కగట్టే మహత్కార్యానికి సీతారామాంజనేయులుగారు హైటెక్ సిటీలో తన జుట్టంతా సమర్పించుకున్నారు. పద్ధతి ఒక్కటే: ఇంజన్‌ని చైన్‌తో ఒకసారి, చైన్ తీసేసి ఒకసారి మోటారుతో తిప్పి, తేడా చూడడం. రెండుసార్లూ నూనె వేడి సమానంగా ఉండాలని ఆయన పట్టుదల. ఆ అలవాటుకొద్దీ టీ కప్పునైనా వేలితో తాకి చూడందే తాగరు. ఆపరేషన్ చేయించుకుని, నెల సెలవు తర్వాత ఆఫీసుకొచ్చిన రోజున, ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్న మేనేజరు శ్రావణి గదికి పిలిచి టీ ఇప్పించింది.

"మీరు లేకుండా టీమ్‌ను నడిపి చూసినాం సార్. తేడా ఏం రాలేదు. ఇంగ మీ పోస్టు తీసేయమంటాండారు పైన."

ఆయన కుట్ల మీద చెయ్యి వేసుకుని ఆలోచించారు.

"రెండుసార్లూ పని ఒత్తిడి ఒకటేనా అమ్మా?"

"ఒకటే సార్. మీరు నేర్పినట్టే చూసినా."

"అయితే లెక్క సరైనదే," అని ఆయన కప్పు తాకి చూడకుండానే టీ తాగేశారు. నోరు కాలింది.